వెళ్ళొస్తానని చెప్పాకే డిస్కు కదలాలి

చెన్నై సాలిగ్రామంలోని ఒక డబ్బింగ్ స్టూడియోలో కంప్యూటర్ల బాగోగులు చూడటం నా ఉద్యోగం. తమిళంలో పుట్టిన సినిమా మా దగ్గర తెలుగు నేర్చుకుని, ఒక హార్డ్ డిస్కులో కూర్చుని హైదరాబాద్ రైలెక్కుతుంది. ఇంటర్నెట్‌లో పంపవచ్చు కదా అని అందరూ అడుగుతారు. పంపుతాం కూడా. కానీ వందల జీబీల సరుకు తెల్లవారేసరికి అక్కడ ఉండాలంటే, రాత్రి రైలుకు సాటివచ్చే తీగ మాకింకా దొరకలేదు.

అలాంటి ఒక సాయంత్రం అసిస్టెంట్ ఎడిటర్ బ్యాగు భుజాన వేసుకుని గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. "అన్నా, తెర మీద కాపీ బార్ నిండింది, తీసేస్తున్నాను" అన్న మాట నా చెవిన పడేసరికి తీగ అతని చేతిలో ఉంది. మర్నాడు ఉదయం ఫోను వచ్చింది. ఆరు రీళ్ళలో నాలుగు బాగున్నాయి. ఐదోది సగంలో మూగబోయింది. ఆరోదానికి పేరు ఉంది, పరిమాణం మాత్రం సున్నా.

బార్ అబద్ధమాడలేదు. అది చెప్పింది ఒకటి, మా కుర్రాడు విన్నది మరొకటి. "ఈ ఫైళ్ళను నేను అప్పగించాను" అని బార్ అంది. అప్పగించింది డిస్కుకు కాదు, కంప్యూటర్ మెమరీకి. ఆ సంగతి దాని మీద ఎక్కడా రాసి ఉండదు.

నడుస్తున్న కంప్యూటర్‌కు డిస్కు తగిలించవచ్చా, తీయవచ్చా అని అడిగితే ఒకరు "నిక్షేపంగా" అంటారు, మరొకరు "ఆ పని చేసి బోర్డు కాల్చుకున్నవాడు నాకు తెలుసు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కు ప్రశ్నలో ఉంది. దానిలో మూడు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. రాయవలసినదంతా డిస్కు లోపల తిరిగే పళ్ళెం మీదికి చేరిందా? గిర్రున తిరుగుతున్న పళ్ళెమూ దాని మీద తేలుతూ చదివి రాసే హెడ్డూ విశ్రాంతిలోకి వెళ్ళాయా? విద్యుత్తు తెగేటప్పుడు, కలిసేటప్పుడు లోహపు కాళ్ళు సరైన వరుసలో తాకుతున్నాయా? మొదటిదానికి జవాబుదారీ ఆపరేటింగ్ సిస్టమ్. రెండోదానికి డిస్కు. మూడోదానికి కనెక్టర్ ఆకారం. డిస్కు తీసే ముందు ఎజెక్ట్ నొక్కితే "ఇప్పుడు తీసేయవచ్చు" అని తెర మీద కనిపించే మాట మొదటిదానికి గట్టిగా హామీ ఇస్తుంది, రెండోదానికి కొన్నిసార్లే ఇస్తుంది, మూడోదాని జోలికే వెళ్ళదు.

మొదటిది ఎక్కువమందిని ముంచేది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం.

హార్డ్ డిస్కు నెమ్మది మనిషి. సెకనుకు 100 నుంచి 200 ఎంబీలు రాస్తే అదే గొప్ప. మెమరీ వేగం దానికి ఎన్నో రెట్లు. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ మీ ఫైలును ముందు మెమరీలో దించుకుని, మీకు "అయిపోయింది" అని చెప్పేసి, తరువాత తీరిగ్గా డిస్కుకు పంపుతుంది. మా కాపీలు చేసే యంత్రంలో ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, 32 జీబీ మెమరీ. లినక్స్ మామూలు అమరికలో ప్రతి 5 సెకన్లకు ఒకసారి లేచి, 30 సెకన్లు దాటిన పాత రాతలేమైనా ఉన్నాయా అని చూసి వాటిని డిస్కుకు తోస్తుంది. ఇంకా రాయని సరుకు, వాడుకోగల మెమరీలో ఐదో వంతు దాకా పేరుకోవడానికి ఒప్పుకుంటుంది. మా యంత్రం లెక్కలో అది సుమారు 6 జీబీలు. సెకనుకు 100 ఎంబీల చొప్పున ఆ 6 జీబీలు దిగడానికి నిమిషం పడుతుంది. ఐదో రీలు సగమూ, ఆరో రీలు మొత్తమూ ఆ నిమిషంలోనే ఉన్నాయి.

విండోస్ ఈ విషయంలో కొంతకాలంగా జాగ్రత్తపడుతోంది. బయట తగిలించే డిస్కులకు అది రెండు పద్ధతులు పెట్టింది: వేగం ముఖ్యమనేది ఒకటి, త్వరగా తీసేయడానికి వీలుండాలనేది రెండోది. పాత విండోస్‌లలో వేగమే మామూలు అమరికగా ఉండేది. 2018లో వచ్చిన విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని రెండో పద్ధతికి మార్చింది. అప్పటినుంచి "ఇక ఎజెక్ట్ అక్కర్లేదట" అన్న మాట మా వీధుల్లో బాగా తిరుగుతోంది. సగం నిజం. ఆ పద్ధతిలో విండోస్ తన దగ్గర రాతలను నిలవ ఉంచుకోదు, అంతవరకే. ఏదైనా ప్రోగ్రాం అదే క్షణంలో రాస్తూ ఉంటే ఆ రాత మధ్యలోనే తెగుతుంది. పైగా డిస్కు లోపల దానికంటూ మరో చిన్న మెమరీ ఉంటుంది. ఈ కాలపు డిస్కుల్లో 64 ఎంబీలో 256 ఎంబీలో ఉండటం మామూలు. ఆపరేటింగ్ సిస్టమ్ చేతులు దులుపుకున్నాక కూడా డిస్కు తన జేబులో కొంత దాచుకుని ఉండవచ్చు. ఆ జేబు ఖాళీ చేయమని ఒక ప్రత్యేక ఆదేశం ఉంది. ఎజెక్ట్ నొక్కినప్పుడు వెళ్ళేది అదే. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న డిస్కయితే ఆ ఆదేశాన్ని మధ్యలోని వంతెన చిప్ నమ్మకంగా చేరవేయాలి కూడా.

డేటా పోవడం ఒక ఎత్తు, డిస్కు మొత్తం తెరుచుకోకపోవడం మరో ఎత్తు. ఈ తేడా అర్థం కావాలంటే మన పాత షావుకార్ల లెక్కలు గుర్తుచేసుకుంటే చాలు. వాళ్ళకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్టు వెంటనే చిట్టాలో పడుతుంది, తరువాత తీరికగా ఎవరి ఖాతాకు వాళ్ళ ఖాతాలో ఆవర్జాకు ఎక్కుతుంది. మధ్యలో దీపం ఆరిపోయినా చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకోవచ్చు. డిస్కులో ఫైళ్ళను అమర్చే పద్ధతులు రకరకాలు. వాటిలో విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4కు ఈ చిట్టా ఉంది. దాన్ని జర్నల్ అంటారు. ఫ్యాట్32కు లేదు, ఎక్స్‌ఫ్యాట్‌కు లేదు. సినిమావాళ్ళ డిస్కుల్లో ఎక్కువ కనబడేది ఆ ఎక్స్‌ఫ్యాటే, ఎందుకంటే మ్యాక్ మీదా విండోస్ మీదా రెండింటిలోనూ అది రాయనిస్తుంది. చిట్టా లేని దుకాణంలో ఆవర్జా రాస్తుండగా చేయి పట్టి లాగితే ఏ ఖాతా ఎక్కడ ఆగిందో చెప్పేవాడు ఉండడు. చిట్టా ఉన్నంత మాత్రాన మీ ఫైలు దక్కుతుందనీ కాదు. అది సాధారణంగా కాపాడేది ఫైళ్ళ పేర్లనూ స్థలాల పట్టికనూ. ఫైలు లోపలి సరుకు బాధ్యత దానిది కాదు.

ఇక్కడ మా రంగంలోని అనుభవజ్ఞులు కూడా జారిపడే మెట్టు ఒకటి ఉంది. కాపీ సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి చెక్‌సమ్ తీస్తారు, అసలుకూ నకలుకూ వేలిముద్ర పోల్చినట్టు. మంచి అలవాటే. కానీ కాపీ ముగిసిన వెంటనే తీస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ నకలును డిస్కు నుంచి చదవకుండా తన మెమరీలో ఇంకా మిగిలి ఉన్న ప్రతినే చూపించవచ్చు. వేలిముద్ర కలుస్తుంది, డిస్కు మీద ఆ ఫైలు పూర్తిగా లేకపోయినా కలుస్తుంది. అందుకని మా దగ్గర ఇప్పుడు డిస్కును పద్ధతిగా తీసి, మళ్ళీ తగిలించి, అప్పుడు చెక్‌సమ్ తీస్తాం. పది నిమిషాలు పోతాయి. రైలు టికెట్ ముందే తీసుకున్నవాళ్ళు నన్ను తిట్టుకుంటారు, ఫరవాలేదు.

ఎజెక్ట్ నొక్కితే "ఈ డిస్కు వాడుకలో ఉంది" అని మొండికేసిన సందర్భం అందరికీ ఉండే ఉంటుంది. దాన్ని చాదస్తం అనుకుని తీగ లాగేయడం మన జాతీయ అలవాటు. అడ్డం పడుతున్నది ఎవరో కనుక్కోవచ్చు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో 225 నంబరు నమోదు వెతికితే, డిస్కును వదలని ప్రోగ్రాం పేరు రాసి ఉంటుంది. లినక్స్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్, ఫ్యూజర్ అనే రెండు ఆదేశాలు ఆ పని చేస్తాయి. దొంగ సాధారణంగా ఇంటివాడే: యాంటీవైరస్, ఫొటోల చిన్న బొమ్మలు తయారుచేసే ప్రోగ్రాం, లేదా డిస్కులోని ఫోల్డరులో తెరిచి మరిచిపోయిన టెర్మినల్ కిటికీ. లినక్స్ తెలిసినవాళ్ళు ఇక్కడ 'లేజీ' అన్‌మౌంట్ అనే అడ్డదారి తొక్కుతారు (అన్‌మౌంట్ అంటే డిస్కును వాడుక నుంచి విడదీయడం). అది డిస్కును మీ కళ్ళ ముందు నుంచి మాయం చేస్తుంది, లోపల మాత్రం పని పూర్తయ్యేదాకా రాత సాగుతూనే ఉంటుంది. చాప కింద తోసి ఊడ్చేశామనుకోవడం లాంటిది. డిస్కు తీయడానికి దాన్ని వాడకండి.

ఇక రెండో ప్రశ్న, యంత్రానిది. నిమిషానికి 7,200 చుట్ల డిస్కు అంటే సెకనుకు 120 చుట్లు. మూడున్నర అంగుళాల డిస్కులో పళ్ళెం వ్యాసం సుమారు 95 మిల్లీమీటర్లు, కాబట్టి దాని అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటుంది. దాని మీద హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. ఆ సందులో సిగరెట్ పొగ రేణువు కూడా పట్టదు. ఇంత నాజూకు ఏర్పాటుకు హఠాత్తుగా కరెంటు ఆపితే ఏమవుతుంది? చాలామంది భయపడినంత ఘోరమేమీ జరగదు, ఎందుకంటే డిస్కు తయారుచేసినవాళ్ళు ఈ దేశంలో కరెంటు పోతుందని తెలిసినవాళ్ళలాగే ఆలోచించారు. కరెంటు పోయినా పళ్ళెం వెంటనే ఆగదు. తిరుగుతున్న ఆ మోటారే జనరేటర్‌లా పనిచేసి, దాని నుంచి వచ్చే కాస్త విద్యుత్తుతో హెడ్ పక్కనున్న ఏటవాలు గట్టు మీదికి ఎక్కి కూర్చుంటుంది. పాత డాస్ రోజుల్లో ఈ వసతి లేదు. కంప్యూటర్ ఆపే ముందు పార్క్ అనే ప్రోగ్రాం నడిపి హెడ్‌ను మనమే పక్కకు పంపవలసి వచ్చేది. ఆ తరం వాళ్ళు ఇప్పటికీ డిస్కుల దగ్గర కాస్త భక్తిగా ఉంటారు.

అయినా అత్యవసరంగా పక్కకు దూకడం, మర్యాదగా నడిచి వెళ్ళడం ఒకటి కాదు. డిస్కు ఈ రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టుకుంటుంది. స్మార్ట్ అనే ఆరోగ్య పట్టికలో 192వ అంశం చాలా డిస్కుల్లో ఈ అత్యవసర గంతుల లెక్కే. 193వది మామూలుగా హెడ్ ఎక్కి దిగిన లెక్క. మామూలు ఎక్కుడు దిగుళ్ళు మూడు లక్షలో ఆరు లక్షలో తట్టుకుంటుందని తయారీదారులు రాస్తారు. అత్యవసర గంతులకు అంత ఉదారమైన అంకె ఎక్కడా కనబడదు. మా స్టూడియోకు వచ్చే డిస్కుల్లో 192 చూస్తే ఆ డిస్కు ఎవరి చేతిలో పెరిగిందో తెలిసిపోతుంది. జాతకం చూసినట్టు ఉంటుంది, కాకపోతే ఇది తప్పు చెప్పదు.

విప్పేటప్పుడు అసలు ప్రమాదం కరెంటు ఆగడంలో కన్నా, ఇంకా తిరుగుతున్న డిస్కును ఎత్తడంలో ఉంది. లినక్స్‌లో ఉత్త అన్‌మౌంట్ చేస్తే రాతలు దిగుతాయి గాని, పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది. యుడిస్క్స్ అనే పనిముట్టులో పవర్ ఆఫ్ చేయించే ఆదేశం ఉంది, డెస్క్‌టాప్ మీది ఎజెక్ట్ గుర్తు వెనుక చాలాచోట్ల ఉన్నది అదే. అది డిస్కు జేబును ఖాళీ చేయించి, తిరగడం ఆపమని చెబుతుంది. విండోస్‌లో ఎజెక్ట్ నొక్కినా అన్ని పెట్టెలూ ఒకేలా ప్రవర్తించవు. నేను నమ్మేది నా వేళ్ళను. డిస్కు మీద రెండు వేళ్ళు ఆనించండి. సన్నని కంపనం తెలుస్తుంది, క్రమంగా తగ్గుతుంది, చివర ఒక చిన్న కుదుపుతో ఆగుతుంది. పది పదిహేను సెకన్ల పని. ఆగని డిస్కును ఎత్తి తిప్పితే చేతిలో బొంగరం పట్టుకున్నట్టు ఎదురుతిరుగుతుంది. ఆ ఎదురుతిరగడం పడేది లోపలి బేరింగుల మీద.

పళ్ళేనికి బదులు చిప్‌లలో దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఈ గొడవంతా లేదనుకుంటారు. తిరగడం లేదు, నిజమే. కానీ ఏ ఫైలు ముక్క ఏ చిప్‌లో ఉందో చెప్పే పట్టిక దానికీ ఉంది, అది మారుతూ ఉంటుంది. ఒకే సెల్‌లో రెండు మూడు బిట్లు దాచే రకాల్లో, రాత మధ్యలో కరెంటు పోతే ఎప్పుడో రాసిన పాత బిట్ కూడా చెడే అవకాశం ఉంది. సర్వర్లకు అమ్మే ఎస్‌ఎస్‌డీల్లో కెపాసిటర్లు పెట్టి ఆఖరి క్షణాలకు కరెంటు నిలవ ఉంచేది అందుకే. మనం కొనే చవక రకాల్లో చాలావాటికి అవి ఉండవు.

మూడోది విద్యుత్తు. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది, ఎందుకంటే ఇక్కడ జాగ్రత్త అంతా లోహపు పొడవులో దాక్కుని ఉంది.

ఒక యూఎస్‌బీ ప్లగ్ లోపలికి చూడండి, పాత వెడల్పాటి రకం. నాలుగు కాళ్ళలో రెండు అంచుల్లోవి 7.41 మిల్లీమీటర్లు, మధ్యవి రెండు 6.41. అంచులవి కరెంటుకూ, అది తిరిగివెళ్ళే గ్రౌండుకూ, మధ్యవి సమాచారానికి. తోసినప్పుడు కరెంటు దారులు ముందు కలుస్తాయి, మాటల దారులు తరువాత. లాగినప్పుడు మాటలు ముందు ఆగుతాయి. ఒక్క మిల్లీమీటరు తేడాతో 1996 నుంచి ప్రపంచమంతా నడుస్తున్న యంత్రాలకు వస్తువులు తగిలిస్తోంది.

కంప్యూటర్ లోపల డిస్కులు తగిలించే పద్ధతి సాటా. సాటా డిస్కు కరెంటు కనెక్టర్‌లో 15 కాళ్ళు ఉంటాయి. ముందుగా తాకేవి గ్రౌండు కాళ్ళలో రెండు, నాలుగూ పన్నెండూ. తరువాతి వంతులో మిగతా గ్రౌండు కాళ్ళతోపాటు ఒక్కో వోల్టేజీకి ఒక్కో కాలు. డిస్కులోని కెపాసిటర్లు ఖాళీ కుండల్లా ఒక్కసారిగా కరెంటు తాగేయకుండా, నిరోధకం గుండా మెల్లగా నింపడానికి ఈ కాళ్ళు. ఆ తరువాతే మిగతా కాళ్ళు పూర్తి బలంతో కలుస్తాయి. సమాచారం వైపు ఏడు కాళ్ళలో మూడు గ్రౌండువి, అవీ ముందే తాకుతాయి. అంటే సాటా మొదటి నిబంధనలు వచ్చినప్పుడే నడుస్తుండగా తగిలించే ఏర్పాటు ఊహించి పెట్టారు. అంతకు ముందరి 40 కాళ్ళ ఐడీఈ వెడల్పు రిబ్బనుకు ఈ వరుస లేదు. దాన్ని నడుస్తుండగా ముట్టుకోకండి.

అయితే ఈ వరుస పూర్తిగా ఫలించేది డిస్కు గాడిలో నిటారుగా జారి, గాడి వెనుక కనెక్టర్లు బిగించిన పలకకు, అంటే బ్యాక్‌ప్లేన్‌కు, తగులుకున్నప్పుడు. తెరిచిన క్యాబినెట్‌లో వంగి, చీకట్లో, వదులు తీగను వంకరగా తోసినప్పుడు ఏ కాలు ముందు తాకుతుందో దేవుడికే ఎరుక. నాలుగు లావు కాళ్ళ పాత మోలెక్స్ కనెక్టర్ మరీ ఘోరం. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపులో 5, మధ్యలో రెండు నల్ల గ్రౌండులు. అన్నీ ఒకే పొడవు, పైగా ప్లాస్టిక్ గూటిలో వదులుగా ఊగుతుంటాయి. 12 వోల్టులు ముందు తగిలి గ్రౌండు ఆలస్యమైతే, ఆ కరెంటు తిరుగుదారి కోసం డేటా తీగల వైపు చూస్తుంది. "కాల్చుకున్నవాడు నాకు తెలుసు" అనేవారి కథలో ఎక్కడో ఒకచోట మోలెక్స్ ఉంటుంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో మోలెక్స్‌ను సాటాగా మార్చే తీగలు చవకగా దొరుకుతాయి. వాటిలో తీగల మీద ప్లాస్టిక్ కరిగించి పోతపోసిన రకం కొనకండి. లోపల తీగలు దగ్గరకు జరిగి ఉంటే పైకి కనబడదు, వేడెక్కి అంటుకున్నవి ఉన్నాయి. తీగలు విడివిడిగా నొక్కి బిగించిన రకం మేలు. ఇప్పటికీ యంత్రం ఆపాకే దాన్ని తగిలిస్తాను.

విడి తీగలతోనే చేయాల్సి వస్తే ఏది ముందు అన్నది పెద్ద తగువు. నా పద్ధతి చెబుతాను, తర్కం నచ్చితే తీసుకోండి. తగిలించేటప్పుడు కరెంటు ముందు. బలమైన గ్రౌండు ముందే కుదురుతుంది, పళ్ళెం వేగం అందుకుంటుంది, ఆ తరువాత డేటా తీగ. తీసేటప్పుడు, అన్‌మౌంట్ అయ్యాక, డేటా తీగ ముందు. ఏ కారణంచేతనైనా డిస్కు జేబులో ఏదైనా మిగిలి ఉంటే, కరెంటు ఇంకా ఉంది కాబట్టి అది రాసేసుకుంటుంది. తరువాత కరెంటు. ఇంకో మాట: మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో 12 వోల్టుల దారిలో సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నీరసించిన పవర్ సప్లై మీద అప్పటికే నాలుగు డిస్కులు నడుస్తుంటే, ఐదోదాన్ని తగిలించిన కుదుపుకు ఆ నాలుగిట్లో ఒకటి తడబడవచ్చు. కొత్త డిస్కు బాగానే ఉంటుంది, పాతది మాయమవుతుంది, మీరు తప్పు తీగను అనుమానిస్తారు.

మన ఇళ్ళలో మరో సంగతి ఉంది. స్టూడియోలోకి చెప్పులు వదిలి వెళ్తాం. వట్టికాళ్ళతో నిలబడి లోహపు ఒళ్ళున్న ల్యాప్‌టాప్ తాకితే జివ్వుమంటుంది. అది స్థిరవిద్యుత్తు కాదు. గ్రౌండు లేని రెండు కాళ్ళ అడాప్టర్‌లో, లేదా మూడు కాళ్ళున్నా గోడలో ఎర్త్ కలపని సాకెట్‌లో, అడాప్టర్‌లోని చిన్న కెపాసిటర్ల ద్వారా యంత్రం ఒళ్ళు 230 వోల్టులలో దాదాపు సగానికి తేలుతూ ఉంటుంది. కరెంటు అతి స్వల్పం, మనిషికి హాని లేదు. కానీ సొంత అడాప్టర్ ఉన్న డిస్కు పెట్టెను అలాంటి ల్యాప్‌టాప్‌కు తగిలించేటప్పుడు రెండింటి తేలే ఎత్తులూ వేరు. ఆ తేడా మొదట కలిసే లోహం ద్వారా సర్దుకుంటుంది. గ్రౌండు ముందు తాకితే గొడవ లేదు, వంకరగా తోస్తే సున్నితమైన కాలు మీద పడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించుకోవడానికయ్యే ఖర్చు ఒక డిస్కు ధరలో చిన్న పాలు. చెన్నై ఉక్కపోతలో స్థిరవిద్యుత్తు తక్కువే గాని, రోజంతా ఏసీ నడిచే, కార్పెట్ పరిచిన రికార్డింగ్ గదికి ఆ ఊరి వాతావరణం వర్తించదు. మన వేలికి తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. చిప్‌కు అంతకన్నా చాలా తక్కువ చాలు. బోర్డు ముట్టే ముందు క్యాబినెట్ లోహాన్ని తాకండి.

తీగల సహనానికీ లెక్క ఉంది. క్యాబినెట్ లోపలి సాటా తీగ కనెక్టర్‌ను 50 సార్లు తీసి పెట్టడానికి తయారుచేస్తారు, బయటకు ఉద్దేశించిన ఈసాటాను 5,000 సార్లకు. రోజూ డిస్కు మార్చేవాళ్ళు లోపలి తీగతోనే కాలం గడిపితే రెండు నెలల్లో దాని ఆయుష్షు చెల్లిపోతుంది. డిస్కును నిలువుగా దించే డాక్ గానీ, గాడి ఉన్న బే గానీ కొనుక్కోవడం మేలు.

తగిలించాక డిస్కు కనబడకపోతే తప్పు మీది కాకపోవచ్చు. మదర్‌బోర్డు సాటా రేవు (పోర్టు) ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో ఉంటేనే కొత్త డిస్కు "వచ్చాను" అన్న సంకేతం వినబడుతుంది. పాత ఐడీఈ అనుకరణలో ఉంటే మళ్ళీ బూట్ చేసేదాకా అది చెవిటిదే. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే అమరికల తెర, బయోస్‌లో రేవు రేవుకూ హాట్ ప్లగ్ అనే మీట ఉంటుంది. అది వేయకపోతే విండోస్ ఆ డిస్కును ఇంటి సామానుగా భావించి ఎజెక్ట్ జాబితాలో చూపదు. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్కును ఆఫ్‌లైన్ చేసి తీయాలి. లినక్స్‌లో సిస్ అనే డైరెక్టరీ లోపల ప్రతి డిస్కుకూ డిలీట్ అనే ఒక ఫైలు ఉంటుంది. అన్‌మౌంట్ అయ్యాక అందులో 1 అని రాస్తే చాలు, లినక్స్ గుండెకాయ కెర్నెల్ ఆ డిస్కును ఆపి, దానితో సంబంధం తెంచుకుంటుంది. పేరు చూసి ఫైళ్ళు పోతాయని భయపడకండి, పోయేది సంబంధమే.

తగిలించగానే కూలిపోవడం గురించి చిన్నబోనక్కర్లేదు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ కంప్యూటర్ ప్రదర్శనలో, బిల్ గేట్స్ పక్కన నిలబడి ఉండగా విండోస్ 98కు స్కానర్ తగిలించారు. వేదిక మీద నీలి తెర వచ్చింది.

బయటి యూఎస్‌బీ పెట్టె పగలగొట్టి లోపలి డిస్కు వాడుకునేవారికి మరో వింత ఎదురవుతుంది. డిస్కు కొత్తది, తీగలు సరైనవి, అయినా చలనం లేదు. 2016లో వచ్చిన సాటా 3.3 నిబంధనల్లో కరెంటు కనెక్టర్ మూడో కాలికి కొత్త అర్థం ఇచ్చారు. దాని మీద వోల్టేజీ ఉంటే డిస్కు పడుకునే ఉండాలి. సర్వర్లలో దూరం నుంచి డిస్కును ఆపి లేపడానికి అది వసతి. పాత పవర్ సప్లైలు మాత్రం అదే కాలికి ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూ ఉంటాయి. పాపం డిస్కు యజమాని నిద్రపొమ్మంటున్నాడనుకుంటుంది. మూడో కాలు మీద వేడికి కరగని సన్నని టేపు ముక్క అంటిస్తే లేచి కూర్చుంటుంది.

ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీ గురించి ఒక్క వాక్యం: మామూలు కంప్యూటర్ మదర్‌బోర్డు మీది ఆ గాడి నడుస్తుండగా తీయడానికి చేసింది కాదు, యంత్రం ఆపండి.

సర్వర్ గదిలో ఈ మూడు ప్రశ్నలకూ బ్యాక్‌ప్లేనే సమాధానం చెప్పేస్తుంది. అక్కడ చెడేది నాలుగోది, మనిషి. నేను ముందు పనిచేసిన చోట, కొన్ని డిస్కులను ఒకటిగా కలిపి నడిపే రెయిడ్ 5లో ఒక డిస్కు పోయింది. తెర మీద "డిస్క్ 2" అని వచ్చింది. నేను పైనుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి రెండోదాన్ని లాగాను. యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది. పోయినది ఒకటి, నేను లాగిన మంచిది ఒకటి. ఒక్క డిస్కు లోటును మాత్రమే భరించగల రెయిడ్ 5 అక్కడికక్కడే ఆగిపోయింది. లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లనూ ఈ పనికి నమ్మకూడదు. తీసి పెట్టిన వరుసను బట్టి అవి మారతాయి. డిస్కు సీరియల్ నంబరు మారదు. ఇప్పుడు నా ప్రతి డిస్కు ముందు వైపున, లాగకుండానే కనబడేలా, సీరియల్ నంబరులో చివరి నాలుగు అంకెలు తెల్ల టేపు మీద రాసి ఉంటాయి.

ఆ రీళ్ళను మళ్ళీ పంపాం, రెండో రైలుకు. ఈసారి మా కుర్రాడు ఎజెక్ట్ నొక్కి, డిస్కు మీద రెండు వేళ్ళు ఆనించి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర డ్రైవర్ తొందరపెడుతున్నాడు. "ఒక్క నిమిషం అన్నా, ఇంకా తిరుగుతోంది" అన్నాడు.